"డేడ్రీమ్" అంటే ప్రతిసారీ "పగటి కలలు కనడమే"నా?

సబ్‌టైటిల్_సుధ

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ సీరియళ్లకి తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పనిలో ఉన్నాను. "డేడ్రీమ్" అనే క్రియ వచ్చిన ప్రతి చోటా పెన్ను ఆగిపోతోంది. ఏ నిఘంటువు తీసినా ఒకటే అర్థం, "పగటి కలలు కను". అది పెడితే కొన్ని చోట్ల బాగానే అతుకుతుంది, కొన్ని చోట్ల ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇవాళ్టి సీను చూడండి. ఆఫీసులో మీటింగ్ జరుగుతోంది. మేనేజర్ ఏదో అడుగుతాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది, వినదు. రెండోసారి పేరు పెట్టి పిలిచేసరికి ఉలిక్కిపడి "సారీ, ఐ వాజ్ డేడ్రీమింగ్" అంటుంది. నా ముందు చేసినవాళ్లు దీన్ని "క్షమించండి, నేను పగటి కలలు కంటున్నాను" అని రాశారు. మన ఆఫీసుల్లో ఏ అమ్మాయైనా మేనేజర్‌తో ఆ మాట అంటుందా చెప్పండి!

అదే ఎపిసోడ్‌లో ఇంకో చోట ఒక తండ్రి కొడుకు గురించి విసుక్కుంటాడు, వాడు పని చూసుకోకుండా పెద్ద సింగర్ అయిపోయినట్టు డేడ్రీమ్ చేస్తూ కూర్చుంటాడని. అక్కడ మాత్రం "పగటి కలలు కంటూ కూర్చుంటాడు" చక్కగా కుదిరింది. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా ఒకటే మాట కదా, తెలుగులో ఒక చోట కుదిరి ఇంకో చోట ఎందుకు కుదరట్లేదు? దీనికి ఏదైనా లెక్క ఉందా, లేక చెవికి ఎలా తోస్తే అలా పోవాలా?


కోనసీమ_కుర్రాడు

మొదటిదానికి "సారీ, ఏదో ఆలోచనలో ఉన్నా" చాలు సుధగారూ. చిన్నగా ఉంటుంది, లైనులో కూడా పడుతుంది. మేనేజర్ వైపు నుంచి రాయాల్సి వస్తే "ఏ లోకంలో ఉన్నావ్?" మా ఇంట్లో ఇప్పటికీ రోజుకి ఒక్కసారైనా వినపడే మాట అది.


ఇంగ్లిష్_మాష్టారు

సుధగారు అడిగినది మంచి ప్రశ్న. డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయినవాడిని, ఈ ఒక్క మాట దగ్గర పిల్లలు తడబడటం ఏళ్ల తరబడి చూశాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లిష్‌లో డేడ్రీమ్ అనే క్రియ చెప్పేది ప్రధానంగా ఒక్కటే. మనిషి ఇక్కడ ఉన్నాడు, ధ్యాస ఇక్కడ లేదు, హాయిగా ఇంకెక్కడో తిరుగుతోంది. ఆ ధ్యాస వెళ్లిన చోటు జరిగేదా జరగనిదా అనేది ఆ క్రియకి పట్టదు. రేపు ఊరెళితే అమ్మ చేసే పులిహోర గురించి కూడా డేడ్రీమ్ చేయొచ్చు. అది ఎల్లుండి తప్పకుండా జరిగేదే కావచ్చు.

మన "పగటి కలలు కనడం" అలా కాదు. అందులో తీర్పు ఉంది. "వాడు పగటి కలలు కంటున్నాడు" అన్నామంటే వాడి ధ్యాస ఎక్కడో ఉందని చెప్పినట్టు కాదు, వాడు కోరుకునేది జరగదు అని తేల్చేసినట్టు. పేపర్లో చూడండి, ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీవాళ్లని "అధికారంలోకి వస్తామని పగటి కలలు కంటున్నారు" అంటారు. ఆ నాయకుడు మీటింగులో కిటికీలోంచి చూస్తున్నాడని దానర్థం కాదు కదా. ఆయన పూర్తి మెలకువతో, ఊరూరా తిరిగి ప్రచారం చేస్తూ ఉండొచ్చు. ఆ వాక్యాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లాలంటే డేడ్రీమ్ కన్నా "పైప్ డ్రీమ్" అనే నామవాచకం దగ్గరగా ఉంటుంది. నల్లమందు గొట్టం పీల్చినవాడికి కనపడే దృశ్యాల నుంచి పుట్టిన మాట అది, పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఎన్నటికీ నెరవేరని ఆశ అని అర్థం.

అందుకే మీ రెండో సీనులో కుదిరింది. ఆ తండ్రి మాటలో ధ్యాస లేకపోవడమూ ఉంది, జరగదన్న తీర్పూ ఉంది. మొదటి సీనులో తీర్పు లేదు. ఆ అమ్మాయి తన గురించి తానే చెప్పుకుంటోంది, అది కూడా చిన్న సంజాయిషీగా.

ఇక వ్యాకరణం. దీనికి సాధారణంగా కర్మ ఉండదు. దేని గురించి అనేది చెప్పాలంటే "అబౌట్" రావాలి, కొంచెం సాహిత్య ధోరణిలో "ఆఫ్" కూడా వస్తుంది. "ఐ డేడ్రీమ్డ్ ఎ హౌస్" అంటే చెవికి కొడుతుంది, "అబౌట్ ఎ హౌస్" అనాలి. తర్వాత క్రియ వస్తే దానికి "ఇంగ్" తగిలించాలి, "డేడ్రీమింగ్ అబౌట్ గోయింగ్ హోమ్" అన్నట్టు. మనవాళ్లు "డేడ్రీమింగ్ టు గో హోమ్" అని రాస్తుంటారు, ఎందుకంటే తెలుగులో "వెళ్లాలని" అన్న రూపం మనసులో ఉంటుంది.


ఓరుగల్లు_పిల్ల

మాష్టారు చెప్పింది చదివితే నాకు వెంటనే గుర్తొచ్చిన మాట "సోయి". మా వైపు, వరంగల్ చుట్టుపక్కల, ధ్యాస లేకుండా కూర్చున్నవాళ్లని "సోయి లేకుంట కూసున్నవేంది?" అంటారు. సోయి అంటే స్పృహ, ఎరుక అని చెప్పుకోవచ్చు. అందులో కోరిక ఊసే లేదు, జరుగుతుందా జరగదా అనే గొడవా లేదు. ఉన్న చోట మనిషికి ఎరుక లేదు, అంతే. మాష్టారు చెప్పిన ఇంగ్లిష్ అర్థంలో సగం దీంట్లోనే ఉంది. మిగతా సగం, అంటే ఆ ఊహ తియ్యగా ఉండటం, సోయిలో రాదు.

కాకపోతే సుధక్కా, సబ్‌టైటిల్‌లో సోయి పెడితే ఆ పాత్ర మొత్తం తెలంగాణ మాట మాట్లాడుతున్నట్టు ఉండాలి. ఒక్క లైనులో పెట్టి వదిలేస్తే అతికినట్టు ఉండదు.


పాత_పుస్తకం

మన దగ్గర ఈ మాటకి తీర్పు ఎలా అంటుకుందో చెప్పే కథ ఒకటుంది. పంచతంత్రంలో పిండి కుండ బ్రాహ్మణుడి కథ చాలామందికి తెలిసే ఉంటుంది. యాచించి తెచ్చుకున్న పేలపిండి కుండని చిలక్కొయ్యకి తగిలించి, దాని కిందే మంచం వేసుకుని, కుండ వైపు చూస్తూ పడుకుంటాడు. కరువొస్తే ఈ పిండి మంచి ధర పలుకుతుంది, ఆ డబ్బుతో మేకలు కొంటాను, మేకలమ్మి ఆవులు, ఆవులమ్మి గేదెలు, ఆపైన గుర్రాలు, మేడ, పెళ్లి, కొడుకు, వాడికి సోమశర్మ అని పేరు. ఆ పిల్లాడు ఏడుస్తుంటే పెళ్లాం పట్టించుకోలేదని కోపమొచ్చి కాలితో ఒక్క తన్ను తంతాడు. కుండ పగిలి పిండంతా మీద పడుతుంది.

ఇందులో రెండూ ఉన్నాయి చూశారా. మొదట్లో ఆయన చేసేది మాష్టారు చెప్పిన డేడ్రీమ్. మంచం మీద ఉన్నాడు, మనసు మేడలో ఉంది, హాయిగా ఉంది. చివర్లో కథ ఇచ్చేది తీర్పు. మనకి వాడుకలో మిగిలింది ఆ చివరి ముక్క. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత కూడా అదే దారిలో ఉంది. ఇక్కడ సోమశర్మ, అక్కడ సోమలింగం.

తీర్పు లేకుండా ఆ స్థితిని మాత్రమే చెప్పే పాత మాట కూడా మనకి ఒకటుంది, "మనోరాజ్యం". వేదాంతంలో వాడతారు. విద్యారణ్యస్వామి పంచదశిలో ధ్యానానికి అడ్డుపడేవాటిలో మనోరాజ్యాన్ని ప్రత్యేకంగా చర్చిస్తారు. కూర్చున్న చోటే మనసు ఒక రాజ్యం కట్టుకుని ఏలుకోవడం. ఎంత సరిగ్గా సరిపోయిందో చూడండి. సబ్‌టైటిల్‌కి బరువైపోతుందని నాకూ తెలుసు, కానీ కథల్లో, వ్యాసాల్లో ఈ మాట మళ్లీ వాడుకలోకి రావాలని నాకు గట్టిగా ఉంది.


చార్మినార్_చాయ్

హైదరాబాద్‌లో ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్ల నోట "ఖయాలీ పులావ్ పకానా" వింటుంటాం, ఊహల్లో పులావ్ వండుకోవడం. అది కూడా తీర్పు వైపే. తెలుగు డైలాగులో హైదరాబాదీ పాత్ర ఉంటే తండ్రి సీనుకి బ్రహ్మాండంగా ఉంటుంది.


మురళి_నెల్లూరు

మాష్టారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నా. "పగటి కల" అనే మాట ఎప్పటికీ తిట్టుగానే ఉండాలా? ఈమధ్య ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పెంపకం మీద వచ్చే వ్యాసాల్లో "పగటి కలలు మెదడుకి మంచివే" లాంటి శీర్షికలు వస్తున్నాయి. చదివేవాళ్లు ఎవరూ దాన్ని తిట్టుగా తీసుకోవట్లేదు. మాట అర్థం మారుతోంది, మారనివ్వాలి. ప్రతి దానికీ "ఏదో ఆలోచనలో ఉన్నా" అని పెట్టేస్తే ఆ ఊహలోని రంగంతా పోతుంది. ఆలోచన అంటే అప్పుల లెక్క కూడా ఆలోచనే కదా.


ఇంగ్లిష్_మాష్టారు

మురళిగారి మాటలో నిజముంది, కాదనను. కానీ ఆయన చెప్పిన శీర్షికలో ఉన్నది నామవాచకం, "పగటి కలలు". దానికి "కను" తగిలించి ఒక మనిషికి అంటగట్టినప్పుడే చురుకు పుడుతుంది. "పగటి కలలు మంచివే" అంటే ఎవరికీ బాధ లేదు. "మీ అబ్బాయి పగటి కలలు కంటున్నాడు" అని ఎవరి ఇంటికైనా వెళ్లి చెప్పి చూడండి, ఆ తల్లి ముఖం ఎలా మారుతుందో.

చిత్రమేమిటంటే "పగటి" తీసేస్తే అదే క్రియ గౌరవంగా మారిపోతుంది. అబ్దుల్ కలాంగారు ఎక్కడికి వెళ్లినా పిల్లలకి కలలు కనమనే చెప్పారు. అక్కడ కల కనడం అంటే లక్ష్యం పెట్టుకోవడం. ఇంకో సంగతి, నిద్రలో అయితే మనకి కల "వస్తుంది", ఎక్కువగా అలాగే అంటాం. అందుకే కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు "ఎ డ్రీమ్ కేమ్ టు మి" అంటుంటారు. "ఐ హ్యాడ్ ఎ డ్రీమ్" అనాలి.

మీరన్న "రంగు పోతుంది" అనేది మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నా. ఊహలో ఏముందో ప్రేక్షకుడికి తెలియాల్సిన చోట "ఊహల్లో తేలిపోతోంది" అనొచ్చు, "గాల్లో మేడలు కడుతోంది" అనొచ్చు. ఈ రెండో దానిలో మళ్లీ కాస్త తీర్పు ఉంది. ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా ఇదే ఉంది, "కాజిల్స్ ఇన్ ది ఎయిర్".


డల్లాస్_అమ్మ

మాష్టారూ, "ఆ తల్లి ముఖం" అన్నారు చూడండి, ఆ తల్లిని నేనే. మావాడు రెండో తరగతి. ఈసారి స్కూలు రిపోర్టులో టీచర్ ఇలా రాసింది, "టెండ్స్ టు డేడ్రీమ్ డ్యూరింగ్ హోల్ గ్రూప్ ఇన్‌స్ట్రక్షన్". గుంటూరులో మా అత్తగారు వీడియో కాల్‌లో అడిగితే మావారు ఫోన్‌లో అనువాదం పెట్టి చదివి వినిపించారు. "పగటి కలలు కనే ధోరణి ఉంది" అని వచ్చింది. ఆవిడ అరగంట బాధపడ్డారు. "ఏడేళ్ల పిల్లాడి మీద అంత మాట రాస్తారా, వాడు ఏం కలలు కన్నాడు, వాళ్లకేం తెలుసు" అని. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ చర్చ చదివాక టీచర్ ఏం రాసిందో ఇప్పుడు తేటగా అర్థమైంది. అందరినీ కలిపి కూర్చోబెట్టి పాఠం చెప్పేటప్పుడు వాడు వినకుండా ఎటో చూస్తున్నాడని. మా నాన్నగారి భాషలో చెప్పాలంటే "దిక్కులు చూస్తున్నాడు". అంతేనా? టీచర్ దీన్ని పెద్ద తప్పుగా రాసిందా, మామూలుగా రాసిందా?


ఇంగ్లిష్_మాష్టారు

అంతేనమ్మా. "దిక్కులు చూస్తున్నాడు" అన్నారే, ఆ వాక్యానికి అంతకన్నా సరైన తెలుగు నాకు తట్టలేదు. మీ అత్తగారికి అలాగే చెప్పండి, ఆవిడకి వెంటనే అర్థమవుతుంది. "టెండ్స్ టు" అనేది కూడా మెత్తని మాటే, అప్పుడప్పుడూ అలా జరుగుతూ ఉంటుంది అని. టీచర్లు రిపోర్టులో ఆ మాట వాడేది పిల్లవాడిని నిందించడానికి కాదు, చూసినది చెప్పడానికి.


మనసు_మాట

డల్లాస్ అమ్మగారూ, నేను క్లినికల్ సైకాలజీ చదువుకుని పిల్లలతో పనిచేస్తున్నాను. భాష సంగతి మాష్టారు చెప్పేశారు, ఆ మాట వెనక ఉన్న పిల్లాడి సంగతి నేను చెబుతా. ముందుగా ఒక మాట, ధ్యాస పక్కకి పోవడం మనిషి మామూలు స్థితి. 2010లో హార్వర్డ్‌కి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2,250 మంది పెద్దవాళ్లని ఫోన్ యాప్ ద్వారా రోజులో ఏదో ఒక వేళ పలకరించి "ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా" అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు పని మీద లేదు. పెద్దవాళ్లే సగానికి సగం దిక్కులు చూస్తుంటే ఏడేళ్లవాడిని ఏమంటాం!

మెదడు కూడా ఖాళీగా కూర్చోదు. బయటి పని మీద దృష్టి లేనప్పుడు కొన్ని భాగాలు కలిసి ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. 2001లో మార్కస్ రైకల్ బృందం దీన్ని మెదడు "డిఫాల్ట్ మోడ్" అని వర్ణించింది. పాత జ్ఞాపకాలు తిరగేయడం, రేపటిని ఊహించుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో అనుకోవడం, ఇవన్నీ అప్పుడే ఎక్కువగా జరుగుతాయి. అంతకు చాలా ముందే, 1960ల్లో, జెరోమ్ సింగర్ అనే మనస్తత్వవేత్త ఈ ఊహల్ని గంభీరంగా పరిశోధించి అందులో రకాలున్నాయని చెప్పాడు. హాయిగా, కొత్త ఆలోచనలు పుట్టించే రకం ఒకటి, అపరాధ భావంతో, భయంతో నిండిన రకం ఇంకొకటి, దేని మీదా నిలవలేక ధ్యాస చెదిరిపోయే రకం మూడోది.

ఇప్పుడు మీ బాబు సంగతి. మూడు విషయాలు గమనించండి. ఒకటి, స్కూల్లో మాత్రమేనా, ఇంట్లో కూడానా? ఇష్టమైన పనిలో కూడా ఉన్నట్టుండి వదిలేసి పోతాడా? ధ్యాస లోపం ప్రధానంగా ఉండే ఏడీహెచ్‌డీ అనాలంటే కనీసం ఆరు నెలలుగా, రెండు వేర్వేరు చోట్ల ఆ లక్షణాలు కనపడాలి, రోజువారీ జీవితానికి అడ్డుపడాలి. ఒక్క టీచర్ ఒక్క లైను దానికి చాలదు. రెండు, వినికిడి, చూపు పరీక్ష చేయించారా? వెనక బెంచీలో సరిగ్గా వినపడని పిల్లాడు కూడా దిక్కులే చూస్తాడు.

మూడోది మాత్రం కాస్త శ్రద్ధగా చదవండి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. పిల్లల్లో "ఆబ్సెన్స్ సీజర్" అని ఒక రకం ఫిట్స్ ఉంది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, కింద పడిపోవడం ఏమీ ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోతాడు, చూపు నిలిచిపోతుంది, కొన్నిసార్లు కనురెప్పలు సన్నగా కొట్టుకుంటాయి. పది సెకన్ల లాంటిది. మళ్లీ ఏమీ జరగనట్టు ఆగిన చోట నుంచి మొదలుపెడతాడు, మధ్యలో ఏం జరిగిందో వాడికి తెలియదు. చూసేవాళ్లు పరాకు అనుకుంటారు. ఇంట్లో తేడా గమనించడానికి ఒక దారి ఉంది. ఊహల్లో ఉన్న పిల్లాడి భుజం తడితే, ఇష్టమైన తిండి పేరు చెప్పినా సరే, తిరిగి చూస్తాడు. ఫిట్స్‌లో ఉన్నవాడు తట్టినా చూడడు. అలాంటివి రోజులో చాలాసార్లు వస్తుంటే డాక్టర్‌కి చూపించాలి, ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల్ని చూసే పరీక్ష, తీస్తే తెలుస్తుంది, మందులతో చాలామందికి అదుపులోకి వస్తుంది. మీ బాబుకి అదే ఉందని నేను అనట్లేదు. వీలైతే ఒక వీడియో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కి అది చాలా సాయం.


డల్లాస్_అమ్మ

ఎంత వివరంగా రాశారండీ. మావాడిని పిలిస్తే పలుకుతాడు, డైనోసార్ అంటే చాలు లేచి కూర్చుంటాడు. అయినా కళ్లు, చెవులు పరీక్ష చేయిస్తా, టీచర్‌ని కూడా అడుగుతా ఏ వేళల్లో అలా ఉంటున్నాడో. రేపు టీచర్‌తో మీటింగు ఉంది, అందులో నేను ఏమని అడగాలి? "ఈజ్ హి డేడ్రీమింగ్ ఎ లాట్" అంటే సరిపోతుందా?


ఇంగ్లిష్_మాష్టారు

సరిపోతుంది. ఇంకాస్త పనికొచ్చేలా అడగాలంటే "వెన్ డజ్ ఇట్ హ్యాపెన్, అండ్ డజ్ హి కమ్ బ్యాక్ వెన్ యు కాల్ హిజ్ నేమ్?" అని అడగండి. పైన మనసు మాటగారు చెప్పిన తేడా ఆ ఒక్క ప్రశ్నలో తేలిపోతుంది.

అక్కడి టీచర్లు "జోన్స్ అవుట్", "స్పేసెస్ అవుట్" అని కూడా అంటుంటారు. అవి డేడ్రీమ్‌కి దగ్గర మాటలే కానీ ఒకటి కావు. డేడ్రీమ్‌లో మనసు ఎక్కడికో వెళ్లింది, అక్కడ ఏదో ఉంది. జోన్ అవుట్‌లో మనసు ఇక్కడ లేదు, ఎక్కడికీ వెళ్లలేదు కూడా, ఖాళీ. "ఏం ఆలోచిస్తున్నావ్?" అంటే "ఏమీ లేదు" అని నిజంగానే చెప్పే స్థితి. "ట్యూన్ అవుట్" అయితే కావాలని చెవులు మూసేసుకోవడం. "మళ్లీ అదే సోది" అనుకుని వినడం మానేస్తామే, అది.


కోనసీమ_కుర్రాడు

మాష్టారూ, "ఫాంటసైజ్" సంగతేంటి? మా ఆఫీసులో ఒకతను ఈమెయిల్‌లో "ఐ ఆల్వేస్ ఫాంటసైజ్ అబౌట్ అవర్ టీమ్" అని రాశాడు, మంచి ఉద్దేశంతోనే. చదివినవాళ్లు ఎవరూ మాట్లాడలేదు.


ఇంగ్లిష్_మాష్టారు

అది జాగ్రత్తగా వాడాల్సిన మాట. నిఘంటువులో "ఊహించుకొను" అనే ఉంటుంది కానీ, మనుషుల గురించి వాడితే శృంగారపరమైన అర్థం తగిలే అవకాశం ఎక్కువ. ఆఫీసు ఈమెయిల్‌లో రాయకూడదు. "ఇమాజిన్" లేదా "డ్రీమ్ ఆఫ్" రాస్తే పోతుంది. "మూన్ ఓవర్" అనేది కూడా ఇలాంటిదే. ఎవరి మీదో మనసు పారేసుకుని దిగాలుగా తిరగడాన్ని "మూనింగ్ ఓవర్ సమ్‌వన్" అంటారు, ఎక్కువగా బ్రిటిష్ వాడుక. వెనక "ఓవర్" గానీ "అబౌట్" గానీ లేకుండా "మూన్" ఒక్కటే క్రియగా వాడితే ఇంకో అసభ్యమైన అర్థం ఉంది, కాబట్టి తెలియకుండా వాడొద్దు.


పాత_పుస్తకం

ఇంగ్లిష్‌లో నాకు బాగా నచ్చే మాట "వూల్‌గాదరింగ్". పదహారో శతాబ్దం నుంచీ పరధ్యానం అన్న అర్థంలో ఉంది. గొర్రెలు మేస్తూ పోతుంటే ముళ్లకంపలకి బొచ్చు పీచులు పీచులుగా చిక్కుకుంటుంది. బీదవాళ్లు కంప కంపకీ తిరిగి దాన్ని ఏరుకునేవాళ్లు. ఒక దారంటూ లేదు, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, ఎంత తిరిగినా చేతికొచ్చేది పిడికెడు. మనసు అలా ఒక తలపు నుంచి ఇంకో తలపుకి పోవడాన్ని అలా అన్నారు. ఇవాళ మాట్లాడేటప్పుడు ఎవరూ పెద్దగా వాడరు, పాత నవలల్లో కనపడుతుంది. సుధగారికి ఎక్కడైనా ఎదురైతే "పరధ్యానం" చాలు, ఉన్ని అనువాదం చేయక్కర్లేదు.


ఓరుగల్లు_పిల్ల

మనసు మాట గారూ, ఒకటి అడగాలి. నేను పీజీ చేస్తున్నా. గంటలు గంటలు కథలాగా ఊహించుకుంటూ ఉండిపోతా, పాటలు పెట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ. చదువు సాగట్లేదు. యూట్యూబ్‌లో దీన్ని "మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్" అంటున్నారు. ఇది నిజంగా జబ్బా, లేక ఎవరో పెట్టిన పేరా? ఇంట్లో చెబితే "పగటి కలలు మానెయ్" అంటారు, ఆ ఒక్క మాటతో మూసేస్తారు.


మనసు_మాట

పేరు పెట్టినది పరిశోధకుడే. ఇజ్రాయెల్‌లో హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన ఎలి సోమర్ 2002లో తన దగ్గరికి వచ్చిన ఆరుగురి అనుభవాల ఆధారంగా దీని గురించి రాశాడు. మీరు చెప్పినవే అందులో ఉన్నాయి. సంగీతం పెట్టుకోవడం, ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేయడం, పాత్రలతో నడిచే పొడవాటి కథ, మానుకోవాలనుకున్నా మానలేకపోవడం. ఆ తర్వాత దీన్ని కొలవడానికి ప్రశ్నావళి కూడా వచ్చింది. అయితే మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 అనే పుస్తకంలో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గానీ దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా ఇంకా చేర్చలేదు.

అది చూసి "జబ్బు కాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు" అనుకోకండి. మీ చదువు ఆగుతోంది, మీకు ఇబ్బందిగా ఉంది, సాయం అడగడానికి ఆ రెండూ చాలు. ఊహలు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆందోళన, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ కూడా ఉండటం మామూలే, వాటికి మంచి చికిత్స ఉంది. మీ యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉంటే ముందు అక్కడ మొదలుపెట్టండి. ఏ వేళలో, ఏ పాటతో మొదలవుతుందో, దాని ముందు మనసు ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసి తీసుకెళ్లండి. ఊహించుకోవడం తప్పు కాదు, అది మీ ఇష్టం లేకుండా మీ రోజుని తీసుకుపోవడమే సమస్య. ఇంట్లో అలాగే చెప్పి చూడండి. "కలలు" అనే మాట వాడకుండా "ధ్యాస నిలవట్లేదు, నా చేతిలో ఉండట్లేదు" అంటే ఎక్కువ వింటారు.


ఓరుగల్లు_పిల్ల

"నా చేతిలో ఉండట్లేదు" అన్న మాట బాగుంది. అమ్మతో అలాగే మాట్లాడతా. థాంక్యూ అండి.


మురళి_నెల్లూరు

చూశారా, అనువాదం అంటే సబ్‌టైటిల్ ఒక్కటే కాదు. నా అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటున్నా. నామవాచకంగా పగటి కలలకి మంచి అర్థం రావాలనే నా కోరిక, దాని మీద నిలబడతా. కానీ మనిషిని పట్టుకుని అనేటప్పుడు ఆ క్రియ వద్దు.


సబ్‌టైటిల్_సుధ

ఇంత దూరం వెళ్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మీటింగ్ సీనుకి "సారీ, ఏదో ఆలోచనలో పడ్డా" పెడుతున్నా. తండ్రి సీనులో పగటి కలలు ఉంచేస్తా. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. భూతకాలంలో కొందరు "డేడ్రీమ్డ్" అంటారు, కొందరు "డేడ్రీమ్ట్" అంటారు, ఏది సరి? రెండోది "డేడ్రీమర్". ఒక టీచర్ ఒక పాత విద్యార్థిని గుర్తు చేసుకుంటూ ప్రేమగా "హి వాజ్ ఆల్వేస్ ఎ డేడ్రీమర్" అంటుంది. "పగటి కలల మనిషి" అంటే చంపేసినట్టు ఉంది.


ఇంగ్లిష్_మాష్టారు

రెండూ సరే. "డేడ్రీమ్డ్" ఎక్కడైనా చెల్లుతుంది, "డేడ్రీమ్ట్" బ్రిటిష్ వాడుకలో కనపడుతుంది. పరీక్ష రాసే పిల్లలకి మొదటిదే చెబుతాను, రెండోది రాస్తే దిద్దను.

"డేడ్రీమర్" అనేది చెప్పేవాళ్ల గొంతుని బట్టి మారుతుంది. విసుగ్గా అంటే పని చేతకానివాడు, ప్రేమగా అంటే ఊహాశాలి. గొప్ప వీరుణ్ణని ఊహించుకుంటూ బతికే మామూలు మనిషిని "వాల్టర్ మిట్టీ" అంటారు. 1939లో జేమ్స్ థర్బర్ న్యూయార్కర్ పత్రికలో రాసిన ఒక కథలోని పాత్ర పేరు అది, నిఘంటువుల్లోకి ఎక్కిపోయింది. అందులో జాలి, ఎత్తిపొడుపు ఎక్కువ, మీ టీచర్ గొంతు అది కాదు. ఆమె ప్రేమగా అంటోంది కాబట్టి నామవాచకం వెతకొద్దు, వాక్యంగా మార్చేయండి. "వాడు ఎప్పుడూ తన లోకంలో ఉండేవాడు."